గట్టుకు వెడల్పు ఉంటుంది

నెల్లూరు మాగాణిలో రెండు మళ్ల మధ్య ఉన్న గట్టు ఎవరిది అని అడిగితే, జవాబు చెప్పే మనిషిని బట్టి మారుతుంది. రైతు లెక్కలో అది ఇద్దరిదీ. ఇద్దరూ దాని మీదే నడుస్తారు, నారు కట్టలు మోస్తారు, మడిలో నీళ్లు ఎంత నిలిచాయో దాని మీద నిలబడే చూసుకుంటారు. కొందరు దాని మీద నాలుగు కంది మొక్కలు కూడా పెడతారు. అడుగున్నరో రెండడుగులో వెడల్పున్న మట్టి అది. సర్వేయర్ లెక్కలో మాత్రం గట్టు అనేదే లేదు. ఆయన చేతిలోని పటంలో రెండు సర్వే నంబర్ల మధ్య ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీతకు పొడవు ఉంది, వెడల్పు లేదు.

గట్టు తగాదాల్లో చాలా భాగం ఈ తేడాలోంచే పుడతాయి. దమ్ము చేసే ముందు గట్లు చెక్కడం మామూలు పని. గడ్డి పోవాలి, ఎలుక బొక్కలు మూయాలి, కాబట్టి చెక్కక తప్పదు. కానీ చెక్కిన ప్రతిసారీ ఒక అంగుళం మట్టి మడిలో కలుస్తుంది. రెండు వైపులా అదే జరిగితే పదేళ్లకు గట్టు మీద కాలు నిలవదు. అప్పుడు పటం తెప్పిస్తారు. పటంలో గీత ఉంటుంది కానీ, ఆ గీత గట్టుకు ఈ అంచున పోతుందా, ఆ అంచున పోతుందా, నడి మధ్యన పోతుందా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

హద్దు అన్న మాట ఏ శాస్త్రంలో కనిపించినా ఈ గట్టూ ఈ గీతా రెండూ పక్కపక్కనే ఉంటాయి. భూగోళం, చట్టం, భాషాశాస్త్రం, రాళ్ల శాస్త్రం, వైద్యం, చివరికి కవిత్వం, ఎక్కడ చూసినా అసలు హద్దు ఒక పట్టీలాగా, కొంత వెడల్పుతో ఉంటుంది. పని జరగడం కోసం మనుషులు దాన్ని గీతగా మారుస్తారు. మార్చడం తప్పేమీ కాదు, చాలాసార్లు అది లేకపోతే రోజు గడవదు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, గీత గీశాక కింద ఒక వెడల్పు ఉండేదన్న సంగతి అందరూ మర్చిపోయినప్పుడు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నేల మీద ఈ మాటకు ఉదాహరణలు అడుగడుగునా దొరుకుతాయి.

తెలుగులో హద్దుకు ఉన్న మాటలే ఈ తేడాను దాచుకున్నాయి. హద్దు అరబ్బీ నుంచి వచ్చింది. సరిహద్దు పారసీక 'సర్‌హద్' నుంచి వచ్చి, మన నోట్లో పడి 'సరి'ని కలుపుకుంది. ఈ రెండూ కచేరీ మాటలు, దస్తావేజు మాటలు. ఊళ్లో పుట్టిన మాటలు వేరు: గట్టు, ఒడ్డు, అంచు, మేర, ఎల్ల, పొలిమేర. వీటిలో చాలా వాటి మీద మనిషి నిలబడగలడు. గట్టు మీద కూర్చుంటాం, ఒడ్డున ఆగుతాం, వెళ్లే చుట్టాన్ని పొలిమేర దాకా సాగనంపుతాం. పొలిమేర గీత అయితే అక్కడ ఆగి నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి చోటుండదు. ఊరి చివర చెట్టు కింద పోలేరమ్మ కూర్చుని ఉండేది కూడా ఆ చోటులోనే. పొలిమేర అమ్మే పోలేరమ్మ అయిందని అంటారు. ఒక దేవత గుడి కట్టుకోవడానికి సరిపోయేంత వెడల్పు ఊరి హద్దుకు ఉండేదన్నమాట.

భూమి కొలత దగ్గరికి మళ్లీ వస్తే, ఆంధ్ర ప్రాంతంలో పొలాల హద్దులకు ఆధారం 1923 నాటి సర్వే, హద్దుల చట్టం. క్షేత్రస్థాయి కొలతల పుస్తకాన్ని అందరూ ఎఫ్ఎంబీ అనే అంటారు. అందులో కొలతలన్నీ లింకుల్లో ఉంటాయి. 66 అడుగుల గొలుసులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. పొలానికి అడ్డంగా మూల నుంచి మూలకు కర్ణం అనే గీత లాగి, దాని మీంచి ఒక్కో మూలకూ లంబంగా కొలిచి లింకుల్లో రాసుకునేవారు. లింకు అంటే 7.92 అంగుళాలు, సుమారు 20 సెంటీమీటర్లు. కొలతను దగ్గరి లింకుకు సరిచేసి రాశారంటే, కాగితం మీద వెడల్పు లేనట్టు కనిపించే గీత కిందా జానెడు అనుమానం దాగి ఉందని అర్థం. ఆనాటి సర్వేయర్లకు ఈ సంగతి తెలుసు. రాయి పాతి, ఆ రాయినే సాక్షిగా పెట్టింది అందుకే.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు వచ్చాయి. కొలత సెంటీమీటర్లలోకి దిగింది. పాత పుస్తకంలోని విస్తీర్ణానికీ కొత్త విస్తీర్ణానికీ తేడా వచ్చిందన్న ఫిర్యాదులూ వచ్చాయి. రెండు సెంట్లు తగ్గాయని రైతుకు టెన్షన్. నేల ఎక్కడికీ పోలేదు. పాత కొలతలో దాగి ఉన్న వెడల్పు కొత్త కొలతలో బయటపడింది, దానికి తోడు ఏళ్ల తరబడి గట్లు జరిగిన లెక్కా బయటపడింది. ఈ రెండింటినీ విడదీసి రైతుకు చెప్పగలిగిన చోట గొడవ సగం తగ్గుతుంది. చెప్పకుండా కొత్త కాగితం చేతిలో పెట్టిన చోట అనుమానం పెరుగుతుంది.

చట్టం ఇక్కడ ఒక తెలివైన పని చేసింది. సర్వే పూర్తయిందని ప్రకటన వెలువడ్డాక, అందులో రాసిన హద్దే ఖాయం, కోర్టు డిక్రీ మారిస్తే తప్ప. ఆ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్ల గడువు. ఆ హద్దు సృష్టి ఆది నుంచీ అక్కడే ఉందని చట్టం అనడం లేదు. ఎక్కడో ఒకచోట వాదన ఆగాలి, నాట్లు పడాలి అంటోంది. హద్దు విషయంలో చట్టం నిజాయితీ అంతా ఈ గడువులోనే ఉంది.

కొలమానానికీ ఊరి హద్దులున్నాయి. నెల్లూరులో ఇళ్ల స్థలం అంకణాల్లో అమ్ముతారు. అక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు అదే మాటకు 36. మధ్యలో ఉన్న ఊళ్లలో స్థలం కొనేవాళ్లు ముందు ఏ అంకణమో అడిగి, తర్వాతే ధర మాట్లాడాలి.

ఇక జిల్లాల గీతలు. వీటిలా మనసుల్లోకి దిగేవి, వీటిలా తరచుగా మారేవి ఇంకేవీ లేవు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వచ్చాయి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. 1972లో దానికి ఇక్కడి వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మళ్లీ గీతలు మారాయి. చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి. కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయి. ఆ తర్వాత కూడా ఇంకా మార్చాలన్న డిమాండ్లు ఆగలేదు. కందుకూరులో 1960ల్లో పుట్టిన మనిషి ఇల్లు మారకుండానే నెల్లూరు జిల్లా వాసిగా మొదలై, ప్రకాశం జిల్లా వాసిగా బతికి, 2022లో మళ్లీ నెల్లూరు చిరునామా రాసుకున్నాడు.

ఈ గీతల కథను చాలా దూరం మోసుకెళ్లింది ఒక ఎద్దు. గుండ్లకమ్మ పరిసరాల్లో పెరిగిన ఒంగోలు జాతి పశువులను పంతొమ్మిదో శతాబ్దంలో ఓడల మీద బ్రెజిల్‌కు తీసుకెళ్లారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉంది. అందుకే అక్కడ ఆ జాతికి 'నెలోర్' అన్న పేరు పడింది. ఇప్పుడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అతి పెద్ద భాగం ఆ రక్తానిదే. ఇక్కడ జిల్లా గీత మారింది, జాతి పేరు ఒంగోలుగా నిలిచింది. అక్కడ పాత గీత పేరే నిలిచిపోయింది. ఒకే మూపురం, ఒకే తెల్లటి ఒళ్లు, రెండు పేర్లు. పశువైద్యుడికి జాతి హద్దు ముఖ్యం, అది కొమ్ము, మూపురం, గంగడోలు చూసి చెప్పేది. పేరును తేల్చింది మాత్రం రెవెన్యూ హద్దు. ఒక రంగంలో గీసిన గీత ఇంకో రంగంలోకి ఇలా జారిపోయి, పుట్టిన కారణం పోయాక కూడా బతుకుతుంది.

భాష హద్దు ఇంకా కష్టమైంది. భాషా ప్రాతిపదికన రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న నిరాహార దీక్షలో ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. తెలుగు ఎక్కడ ఆగుతుంది, తమిళం ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న మాత్రం రాష్ట్రం వచ్చినా తేలలేదు. దాన్ని తేల్చడానికి రెండు రాష్ట్రాల మధ్య మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ కొన్ని సూత్రాలు పెట్టారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవాలి, అక్కడ ఏ భాష వాళ్లు ఎక్కువో చూడాలి, భూభాగం ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాలు గ్రామాలు మార్చుకున్నాయి. అది 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. తాలూకాను యూనిట్‌గా తీసుకుంటే గీత ఒకచోట పడుతుంది, గ్రామాన్ని తీసుకుంటే ఇంకోచోట పడుతుంది. ఇంటిని తీసుకుంటే అసలు గీతే పడదు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే కుటుంబాలు తమిళనాడు అంచున ఉన్న తడ వైపు ఇప్పటికీ ఉన్నాయి. 'ఎక్కువ మంది' అన్న సూత్రంలో వాళ్ల రెండో భాషకు చోటు లేదు. అన్యాయమని కాదు, రాష్ట్రానికి గీత కావాలి. కానీ బడిలో, ఆఫీసులో ఆ పట్టీని గుర్తు పెట్టుకోవాల్సిన బాధ్యత రెండు వైపులా మిగిలే ఉంది.

తెలుగు లోపలి హద్దులను పట్టుకోవడానికి ప్రయత్నించినవారిలో ముందు చెప్పుకోవాల్సింది భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిని. ఆయన 1928లో ఒంగోలులోనే పుట్టారు. రైతులు వాడే వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి, ఏ మాట ఎక్కడ దాకా పోతుందో చూసి, తెలుగును నాలుగు మాండలిక ప్రాంతాలుగా విడదీశారు. అందులో నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రాయలసీమతో కలిసి దక్షిణ మాండలికంలో పడ్డాయి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలు మధ్య మాండలికం. అంటే పరిపాలన ఒంగోలును 1904 నుంచి 1970 దాకా గుంటూరుతో కట్టి ఉంచినా, పొలంలో మాట దక్షిణం వైపే చూస్తోంది.

అయితే ఈ మాండలిక గీతను కూడా గట్టులాగే చదవాలి. ఒక్కో మాటకు దాని హద్దు దానికి ఉంటుంది. 'ఎలా' అన్నది 'ఎట్టా' అయ్యే గీత ఒకచోట, ఒక పనిముట్టు పేరు మారే గీత ఇంకోచోట, క్రియ చివర ధ్వని మారే గీత మరోచోట. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడవు. చాలా గీతలు దగ్గర దగ్గరగా గుంపుగా పోయే చోటును చూసి, ఇది మాండలికం మారే చోటు అంటారు. ఆ గుంపు ఒక గీతలా సన్నగా ఉండదు, కొన్ని మండలాల మేర పరుచుకుని ఉంటుంది. అద్దంకి మనిషి మాట విని గుంటూరు వాళ్లు 'మనవాడే' అనుకోవడం, నెల్లూరు వాళ్లూ అలాగే అనుకోవడం, రెండూ నిజమే.

తెలుగు లిపిలో ఇంకో చిత్రం ఉంది. వాడు, ఎక్కడ అనే రెండు మాటలు కలిస్తే 'వాడెక్కడ' అవుతుంది. మొదటి మాట ఎక్కడ ముగిసింది? 'డె' అనే అక్షరంలో హల్లు మొదటి మాటది, అచ్చు రెండో మాటది. రెండు మాటల మధ్య హద్దు ఒక్క అక్షరం కడుపులోంచి పోతోంది. దాన్ని గీత గీసి చూపించలేం, గీస్తే అక్షరం విరిగిపోతుంది. వ్యాకరణం దీనికి పెట్టిన పేరు సంధి, అంటే కలయిక. హద్దు విడదీసేదని అలవాటుగా అనుకుంటాం. వ్యాకరణం మాత్రం అదే చోటును కలిపే చోటుగా చూసింది.

సముద్రం ఒడ్డుకు పోతే లెక్క ఇంకా జరుగుతుంది. మైపాడు దగ్గరో కొత్తపట్నం దగ్గరో నిలబడి భూమి ఎక్కడ ఆగింది అని అడిగితే, రెండు చట్టాలు రెండు గీతలు చూపిస్తాయి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు పోటు నాడు నీళ్లు ఎక్కే గీత నుంచి నేల వైపు 500 మీటర్లు లెక్కపెడతాయి. అంతర్జాతీయ సముద్ర చట్టం మామూలుగా ఆటు నాడు నీళ్లు దిగిన గీత నుంచి సముద్రం వైపు లెక్క మొదలుపెడుతుంది. అక్కడి నుంచి 12 నాటికల్ మైళ్లు, సుమారు 22 కిలోమీటర్లు, ప్రాదేశిక జలాలు. 200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. పోటు గీతకూ ఆటు గీతకూ మధ్య ఉన్న తడి ఇసుక రోజూ రెండుసార్లు మునిగి తేలుతుంది. అలివి వల లాగేది, పడవ దించేది, చేపలు పోసి వేలం పాడేది ఆ ఇసుక మీదా దాని పక్కనే. తీరం హద్దు అక్కడ ఒక పనిచోటు.

చేపల వేట కూడా ఇలాగే రెండుగా చీలింది. ప్రాదేశిక జలాల లోపల వేట రాష్ట్రం చేతిలో, దాన్ని దాటితే కేంద్రం చేతిలో. మత్స్యకారుడు మైళ్లలో ఆలోచించడు, బారల్లో ఆలోచిస్తాడు. ఎన్ని బారల లోతులో ఏ చేప దొరుకుతుందో, నీటి రంగు ఎక్కడ మారుతుందో అతనికి తెలుసు. చేప లోతును, నీటి వేడిని చూసుకుంటుంది. ఏ రాష్ట్రపు నీళ్లో దానికి పట్టదు. దాని వెంట పోయే పడవ దక్షిణం నుంచి వచ్చినప్పుడు ఇక్కడి వాళ్లకు కోపం వస్తుంది. ఇంజన్ బలం ఉన్నవాడికి చేప వెంట పోవడం తేలిక, చిన్న పడవవాడికి కాదు. నెల్లూరు తీరంలో తరచూ రేగే గొడవల వెనక ఉన్నది ఈ తేడా.

వాగులు, ఉప్పుటేర్లు సముద్రంలో కలిసే చోట తీర చట్టం చాలా ఆసక్తికరమైన పని చేసింది. పోటు ప్రభావం ఎంత లోపలి దాకా వస్తుందో తేల్చడానికి గీతను చూడలేదు, ఉప్పును చూసింది. ఏడాదిలో బాగా ఎండిపోయిన కాలంలో నీటిని పరీక్షిస్తే వెయ్యి పాళ్లలో ఐదు పాళ్ల ఉప్పు ఉన్న చోటే హద్దు. పులికాట్‌లో ఈ హద్దు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు చప్పబడుతుంది, ఎండాకాలానికి ఉప్పగా మారుతుంది. ఇసుక మేట వేసి ముఖద్వారం మూసుకుపోతే లెక్క మళ్లీ మారుతుంది. దేశంలో చిలికా తర్వాత పెద్దదైన ఈ ఉప్పునీటి సరస్సును రెండు రాష్ట్రాల గీత కోసుకుపోతోంది. నేలపట్టు మంచినీటి చెరువులోని చెట్ల మీద గూడు కట్టే గూడబాతులు మేతకు పులికాట్‌కు పోతాయి. వాటికి మంచినీళ్లూ ఉప్పునీళ్లూ రెండూ కావాలి. రెండు రకాల పరిసరాలు కలిసే పట్టీలో జీవజాతులు ఎక్కువగా ఉండడం జీవావరణ శాస్త్రంలో అందరికీ తెలిసిన విషయమే. అక్కడ గీత గీసి ఇటు పక్షులకు, అటు రొయ్యల చెరువులకు అని పంచితే, పంచిన రోజే ఆ పట్టీ పోతుంది.

తీరం పొడవు కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం. కొత్త లెక్కలో అది 1,053 కిలోమీటర్లు. దేశం మొత్తం తీరం 7,516 నుంచి 11,098 కిలోమీటర్లకు పెరిగింది. సముద్రం కొత్తగా నేలను చుట్టుకోలేదు. పాత లెక్క చిన్న స్కేలు పటం మీద వేసింది, కొత్త లెక్క వివరాలు ఎక్కువున్న పటం మీద వేసింది. పెద్ద కర్రతో కొలిస్తే చిన్న మలుపులు దాటిపోతాయి. కర్ర చిన్నదయ్యే కొద్దీ ప్రతి కడలిపాయ, ప్రతి ఇసుక ముక్కు లెక్కలోకి వస్తుంది. ఇలాంటి హద్దుకు కొలబద్ద చెప్పకుండా పొడవు చెప్పడం కుదరదని గణితం అంటుంది. కొత్త కొలతలో తమిళనాడు తీరం 1,068 కిలోమీటర్లకు చేరి మనల్ని దాటింది. గుజరాత్ తర్వాత రెండో స్థానం మనదే అన్న పరీక్ష జవాబు మారిపోయింది. మారింది కర్ర పొడవే.

పైకి చూస్తే ఆకాశానికీ హద్దు దొరకదు. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అప్పుడది నెల్లూరు జిల్లా. ఇప్పటికీ ప్రయోగం ఉన్న రోజు నెల్లూరు మేడల మీద జనం దక్షిణం వైపు చూస్తూ నిలబడతారు. ఆ రాకెట్ దేశపు గగనతలం దాటి అంతరిక్షంలోకి ఎప్పుడు పోయింది? అంతర్జాతీయ వైమానిక సమాఖ్య 100 కిలోమీటర్లు అంటుంది. అమెరికా సంస్థలు 80 కిలోమీటర్ల లెక్క వాడుతాయి. 1967 అంతరిక్ష ఒప్పందం ఆ పైచోటు ఏ దేశానిదీ కాదని చెప్పింది కానీ, ఆ పైచోటు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు. గాలి అంచెలంచెలుగా పలుచబడుతుందే తప్ప ఒక్కచోట తెగిపోదు.

చీమకుర్తి రాయిది ఇంకో రకం హద్దు. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే 'బ్లాక్ గెలాక్సీ' ప్రపంచమంతా గ్రానైట్ పేరుతోనే అమ్ముడవుతుంది. భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్రానైట్ కాదు, గాబ్రో కుటుంబపు రాయి. గ్రానైట్‌కు క్వార్ట్జ్ దండిగా ఉండాలి, ఇందులో అది దాదాపు లేదు. మెరిసే చుక్కలు పైరాక్సీన్ జాతి ఖనిజానివి. వ్యాపారికి కోతకు, పాలిష్‌కు నిలిచే గట్టి రాయి అంతా గ్రానైటే. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వ్యాపారి పాలిష్ ఎంత నిలుస్తుందని అడిగాడు, శాస్త్రజ్ఞుడు ఈ రాయి ఏ శిలాద్రవంలోంచి గడ్డకట్టిందని అడిగాడు. ప్రశ్న మారింది కాబట్టి గీత మారింది. వైద్యంలో పరగడుపు సుగర్ 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం అనడం, 100 నుంచి 125 దాకా మధ్యపట్టీ అనడం కూడా ఇలాంటిదే. అక్కడ వైద్యులు కనీసం ఆ పట్టీకి ఒక పేరు పెట్టారు.

కనిగిరి నీళ్ల విషయంలో ఇది మాటలతో ఆగదు. ఆ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది దశాబ్దాల నుంచి తెలిసిందే. పళ్లు పచ్చబడిన పిల్లలు, మోకాళ్లు వంగని పెద్దలు అక్కడి ఊళ్లలో కనిపిస్తారు. భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రామును మంచి హద్దుగా, వేరే నీళ్లు లేనప్పుడు 1.5ను ఒప్పుకోదగిన హద్దుగా పెట్టింది. తాగొద్దని తెలిసేలా బోరుకు రంగు వేయాలన్నా, ట్యాంకర్ పంపాలన్నా అంకె కావాలి. కానీ 1.4 ఉన్న నీళ్లు తాగే కూలీ, 1.6 ఉన్న నీళ్లు తాగే గుమాస్తా, వీళ్లలో ఎవరికి ఎక్కువ ఫ్లోరైడ్ పోతుంది? మే నెల ఎండలో పొలంలో పనిచేసే మనిషి రోజుకు ఎన్ని లీటర్లు తాగుతాడో లెక్కలోకి తీసుకుంటే జవాబు తారుమారవుతుంది. ఎముకకు 1.5 దగ్గర గోడ లేదు, ఉన్నది వాలు. గీతకు కిందపక్క ఉన్న ఊరిని 'సేఫ్' అని రాసి ఫైలు మూసేయడం ఈ వాలును మర్చిపోవడమే. హద్దుకు దగ్గరగా ఉన్న ఊళ్లకు రక్షిత నీళ్లు ముందుగా అందాలి. గీతకు వెడల్పు ఉందని గుర్తుంటే ఆ పని దానంతట అదే తోస్తుంది.

పగలుకూ రాత్రికీ మధ్య హద్దును మాత్రం అందరూ మొదటి నుంచీ పట్టీగానే చూశారు. ఖగోళ శాస్త్రం దాన్ని మూడు మెట్లుగా కొలుస్తుంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కింద ఉన్నంతవరకు ఒక సంధ్య, 12 దాకా ఇంకొకటి, 18 దాకా మరొకటి. నెల్లూరు ఉన్న అక్షాంశంలో మొదటి మెట్టు ఇరవై నిమిషాల పైచిలుకు. చట్టానికి ఆ మెట్లతో పని జరగదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప మహిళను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదన్న నియమానికి ఒక్క క్షణం కావాలి, ఆ క్షణంలో గీత పడాలి. ఆడవాళ్ల భద్రత దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి అక్కడ గీతే న్యాయం. భాష ఆ సమయానికి సంధ్య అని పేరు పెట్టింది. సంధి ఉన్న కుటుంబంలోదే ఆ మాట కూడా.

ఈ రెండు జిల్లాల సాహిత్యంలో అన్నిటికంటే పెద్ద హద్దు ఒక పద్యం పక్కన ఉంది. నన్నయ తెలుగు భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో ఆపేశారు. నెల్లూరులో మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన ఆ మిగిలిన అరణ్యపర్వాన్ని ముట్టుకోలేదు. విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరి దాకా పదిహేను పర్వాలు రాశారు. రెండిటి మధ్య ఖాళీ మిగిలింది. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజుల కాలంలో ఎర్రన దాన్ని పూరించారు. ఆయనకు రెండు వైపులా రెండు పెద్ద గట్లు. ఒకవైపు నన్నయ సంస్కృత సమాసాల నడక, మరోవైపు తిక్కన తెలుగు పలుకుబడి. ఎర్రన నన్నయ నడకకు దగ్గరగా మొదలై, పర్వం చివరికి తిక్కన నడకకు దగ్గరగా చేరారు. ఎక్కడ మారారో వేలు పెట్టి చూపించడం కష్టం. కృతిని నన్నయ అంకితమిచ్చిన రాజరాజ నరేంద్రుడికే ఇచ్చారు, తన రాజు పేరు అక్కడ పెట్టలేదు.

నన్నయ ఆగిపోయింది శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర, 'శారదరాత్రులు' అనే పద్యంతో. ఎర్రన మొదటి పద్యం 'స్ఫురదరుణాంశు' అని ఎత్తుకుంటుంది. అందులోనూ శరత్తే. మబ్బు తెర తొలగింది, తామరలు విచ్చుతున్నాయి, హంసలు, తుమ్మెదలు పలుకుతున్నాయి, లేత ఎర్ర వెలుగులో తెల్లవారుతోంది.